ఒకే యేడు పుట్టినవారు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వారు మమ్మల్ని "మహనీయుల జీవితాలు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఈ విషయం మీద ప్రతి యేడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే వున్నారు. అవే నాలుగు పేర్లు, అవే చప్పట్లు. అందుకని ఈసారి మేము వేరే దారి పట్టాము. బడిపంతులుకు తెలిసిన పుస్తకం హాజరు పట్టీ, ఆ తర్వాత అడ్మిషన్ రిజిస్టరు. అందులో పుట్టినతేదీ అని ఒక గడి వుంటుంది. ఆ గడిలో ఒకే సంవత్సరం వేసుకున్న పిల్లలు నలభై మంది ఒకే గదిలో, ఒకే బల్లల మీద కూర్చుంటారు. పదేళ్లు పోయేసరికి ఒకడు బంగారు అంగట్లో, ఒకడు గల్ఫులో, ఒకమ్మాయి నర్సు కోర్సులో, ఇంకో అమ్మాయి తొమ్మిదో తరగతితోనే ఇంట్లో. ఏడు ఒకటే, దారులు ఇన్ని. మరి ప్రపంచమంతా ఒక తరగతి గది అనుకుని, ఒక్క సంవత్సరం తీసుకుని, ఆ యేట పుట్టినవాళ్లను వరసగా నిలబెడితే ఎట్లా వుంటుందో చూద్దామనిపించింది.

మేము ఎంచుకున్న సంవత్సరం 1914. కారణం దూరమేమీ కాదు. ఆ యేట పుట్టిన ఒకాయన మన ప్రొద్దుటూరు వీధుల్లో నడిచినవాడు, ఇక్కడ బడిలో తెలుగు చెప్పినవాడు. పుట్టపర్తి నారాయణాచార్యులు గారు.

ఆచార్యులు గారు 1914 మార్చి 28న అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టారు. పెరిగింది పెనుకొండలో. పెనుకొండ అంటే మనవాళ్లకు చెప్పనక్కరలేదు, బాబయ్య దర్గాకు ఉరుసుకు పోయిరానివాళ్లు ఈ సభలో తక్కువ. విజయనగరం పడిపోయిన తర్వాత రాజులు వచ్చి తలదాచుకున్న వూరు అది. ఆ కూలిన కోటను చూసి పసితనంలోనే ఆయన "పెనుగొండ లక్ష్మి" అనే కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుంటే, పాఠ్యగ్రంథాల్లో ఆయన రాసిన ఆ పుస్తకమే వుండింది! తన పుస్తకాన్ని తానే చదివి పరీక్ష రాయవలసి వచ్చిన విద్యార్థి ఇంకెవరైనా వున్నారేమో మాకు తెలియదు.

పేరు తెచ్చిన "శివతాండవం" ప్రొద్దుటూరులో, అగస్త్యేశ్వరస్వామి గుడి నీడన పుట్టింది. ఆయనకు నాట్యమూ వచ్చు, సంగీతమూ వచ్చు. చదువుతుంటే అక్షరం కాలు కదిపినట్టు వుంటుందని విన్నవాళ్లు చెప్పేవారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1990లో కాలం చేశారు. ఇదంతా తెలుగు పండితులు మాకన్న బాగా చెబుతారు. మాకు కావలసింది ఇంకొకటి. ఆయనకు 14 భాషలు వచ్చునని ప్రసిద్ధి. సంస్కృతం, ప్రాకృతం ఆచార్యుల ఇంట్లో వుంటాయి, అది ఆశ్చర్యం కాదు. కాని ఆయన తిరువనంతపురం పోయి మలయాళ నిఘంటువు పనిలో కూర్చున్నారు, విశ్వనాథ సత్యనారాయణ గారి "ఏకవీర"ను మలయాళంలోకి తిప్పారు. తెలుగు నుంచి తెలుగులోకి కాదు, మనవాళ్లెవరూ మాట్లాడని భాషలోకి! ప్రొద్దుటూరు బడిలో అయ్యవారు మలయాళం నేర్చుకుంటే జీతం పెరుగుతుందా? పెరగదు. అయినా నేర్చుకున్నారు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఒకే సంవత్సరం అంటున్నాము గదా, ఎవరి సంవత్సరం? ఆచార్యులు గారు పుట్టింది ఉగాది పోయిన మరునాడు, ఆనంద నామ సంవత్సరం అప్పుడే మొదలయింది. ఉగాది నాడు దేవుని కడప గుడికి మనవాళ్లు పోయి దండం పెట్టుకునే జిల్లా మనది, కాబట్టి ఆ లెక్క మనకు పరాయిది కాదు. మన హిజ్రీ లెక్క చూస్తే 1914లో ఎక్కువ భాగం 1332. నవంబరు మూడో వారంలో ముహర్రం వచ్చి 1333 అయింది. నేను ఇప్పుడు చెప్పబోయేవాళ్లలో జనవరి 1న పుట్టినామె తెలుగు లెక్కలో ముందటి యేటికి పోతుంది, నవంబరు 23న పుట్టినాయన హిజ్రీ లెక్కలో తర్వాతి యేటికి పోతాడు. కాబట్టి ఏడు అనేది మనం గీసుకున్న గీత. ఈ సంగతి గుర్తుపెట్టుకుని ముందుకు పోదాం.

అదే 1914లో, సెప్టెంబరు 9న, ఇప్పటి కర్ణాటకలోని బిజాపూరు ప్రాంతంలో రట్టిహళ్లి అనే వూళ్లో ఒక పిల్లవాడు పుట్టాడు. తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడం. పెరిగింది వరంగల్లు దగ్గర మడికొండలో. చదివింది నిజాం రాజ్యంలో, అంటే ఉర్దూ మీడియంలో. ఇప్పుడు చెప్పండి, ఈ పిల్లవాడు ఏ భాష కవి కావాలి? ఆయన తెలుగు కవి అయ్యాడు. కాళోజీ నారాయణరావు గారు. "నా గొడవ" ఆయనదే. నిజాం ప్రభుత్వం జైల్లో పెట్టింది, వరంగల్లు నుంచి బహిష్కరించింది. 1992లో పద్మవిభూషణ్ ఇచ్చారు. తెలంగాణలో ఇప్పుడు ఆయన పుట్టినరోజునే భాషా దినంగా జరుపుకుంటున్నారు. అంటే ఏమయింది? ఇంట్లో మరాఠీ, కన్నడం విన్నవాడు, బడిలో ఉర్దూ చదివినవాడు పుట్టిన తేదీ తెలుగుకు పండుగ అయింది!

దీన్ని ఇంత సాగదీసి చెప్పడానికి కారణం వుంది. మా బడికి వచ్చే తల్లిదండ్రులు రెండు రకాలు. ఒకరు, "సార్, ఉర్దూ చదివితే ఏమొస్తుంది? పిల్లోణ్ని కాన్వెంటులో వేస్తాము, టీసీ ఇయ్యండి" అంటారు. ఇంకొకరు, "ఉర్దూ మన భాష, తెలుగు ఎట్లాగో మాట్లాడతారు గదా, పాస్ మార్కులు వస్తే చాలు" అంటారు. ఇద్దరిమీదా మాకు కోపం లేదు, ఇద్దరూ బిడ్డ మేలు కోరినవాళ్లే. కాని ఫలితం చూడండి. మొదటి ఇంట్లో మనవడికి నానీ రాసిన ఉత్తరం చదవడం రాదు. రెండో ఇంట్లో పిల్లోడు బజారులో గలగల తెలుగు మాట్లాడతాడు, ఎమ్మార్వో ఆఫీసులో గోడకు అంటించిన నోటీసు ముందు నిలబడి పక్కవాణ్ని అడుగుతాడు. మనలోనే దూదేకుల సోదరుల ఇళ్లల్లో తెలుగే ఇంటి మాట. వాళ్ల పిల్లలకు ఉర్దూ అక్షరం నేర్పుదామంటే ముందుకొచ్చేవారు తక్కువ. ఏ ఇంట్లోనైనా సరే, ఒక భాష పెడితే ఇంకోటి తీసెయ్యాలనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో మాకు అర్థం కాదు. బియ్యం డబ్బాలో కందులు పోస్తే బియ్యం తీయాలి, నిజమే. భాష డబ్బా కాదు గదా!

ఉర్దూ వైపు చూడండి. 1914 జూన్ 7న పానిపట్టులో ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ పుట్టారు, మౌలానా హాలీ గారి వంశం. అలీగఢ్‌లో చదివి బొంబాయి పత్రికల్లో చేరారు. "బ్లిట్జ్"లో చివరి పుట ఆయనది. "బాంబే క్రానికల్"లో మొదలైన ఆ శీర్షిక 1987లో ఆయన పోయేదాకా నడిచింది. ఇంగ్లీషులో రాసిన చెయ్యే ఉర్దూలోనూ రాసింది, ఆ చెయ్యే "ఆవారా", "శ్రీ 420" సినిమాలకు కథ రాసింది. "సాత్ హిందుస్తానీ"లో అమితాబ్ బచ్చన్‌కు మొదటి వేషం ఇచ్చింది కూడా ఆయనే, 1969లో.

అదే యేడు నవంబరు 23న పుట్టినవారు కృష్ణ చందర్. ఈయన హిందువు, రాసింది ఉర్దూలో. ఉర్దూ ముసల్మాన్ల భాష అని ఎవరైనా అంటే ఆయన పుస్తకం ఒకటి చేతిలో పెట్టండి, చాలు. బెంగాలు కరువు మీద ఆయన రాసిన "అన్నదాత" కథను ఆధారం చేసుకున్న సినిమా "ధర్తీ కే లాల్". 1946లో దాన్ని తీసింది ఎవరు? పైన చెప్పిన అబ్బాస్ గారే. ఒక తరగతి పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు మార్చుకున్నట్టు లేదూ?

ఇంతటితో అయిపోలేదు. మన తెలంగాణ రైతు పోరాటం మీద కృష్ణ చందర్ ఉర్దూలో "జబ్ ఖేత్ జాగే" అనే నవల రాశారు. ఆ నవల ఆధారంగానే గౌతమ్ ఘోష్ 1979లో "మా భూమి" తీశారు. తెలుగువాళ్లు తమ సినిమా అని గర్వంగా చెప్పుకునే సినిమాల్లో అదొకటి. తెలుగు నేల కథ ఉర్దూలో నవలై, ఒక బెంగాలీ చేతి మీదుగా తిరిగి తెలుగుకు వచ్చింది. మనం ఈ వూళ్లల్లో ఉర్దూ వేరు, తెలుగు వేరు అని గోడ కట్టుకుంటున్నాము.

ఇక జమ్మలమడుగు వాళ్లు మమ్మల్ని "మా వూరి మాట ఎప్పుడు వస్తుంది?" అని చూస్తున్నారు. వస్తున్నాము. గండికోట మీకు పెరటి కోట. పెన్నా కొండను కోసుకుని పోయే ఆ లోయ గట్టున జామియా మసీదు వుంది. 1650లో మీర్ జుమ్లా ఆ కోటను గోల్కొండ తరఫున పట్టుకున్నాడు. తర్వాత హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ కాలంలో అది మైసూరు చేతిలో వుండింది. 1792లో శ్రీరంగపట్నం ఒడంబడిక జరిగి కడప సీమ నిజాముకు పోయింది, 1800లో కుంఫిణీకి పోయింది. టిప్పు 1799లో యుద్ధంలోనే చనిపోయాడు. ఇంతవరకు పిల్లలు సాంఘిక శాస్త్రంలో చదివేదే.

ఆ టిప్పు వంశంలో, తల్లి వైపు నుంచి, బరోడాలో పుట్టిన సూఫీ గాయకుడు హజరత్ ఇనాయత్ ఖాన్. ఆయనకు ముర్షిద్ దొరికింది మన హైదరాబాదులోనే, సయ్యద్ అబూ హాషిం మదనీ. తర్వాత ఆయన పడమటి దేశాలకు పోయి అమెరికా ఆమెను పెళ్లాడారు. వాళ్లకు 1914 జనవరి 1న మాస్కోలో ఒక ఆడపిల్ల పుట్టింది. నూర్ ఇనాయత్ ఖాన్. పారిస్ పక్కన పెరిగింది, వీణ మీటడం, పిల్లల కథలు రాయడం - ఇదీ ఆమె పని. 1939లో ఆమె అచ్చువేసిన పుస్తకం బుద్ధుని జాతక కథలు. సూఫీ ఇంటి బిడ్డ, బౌద్ధుల కథలు, ఇంగ్లీషు భాష!

తర్వాత యుద్ధం వచ్చింది. ఫ్రాన్సు హిట్లరు చేతికి పోయింది. కుటుంబం ఇంగ్లండుకు చేరింది. ఆమె 1940లో వైమానిక దళం ఆడవాళ్ల విభాగంలో చేరి వైర్‌లెస్ నేర్చుకుంది. ఫ్రెంచి తల్లి భాషలాగా వచ్చు కాబట్టి రహస్య శాఖ ఆమెను పిలిచింది. 1943 జూనులో ఫ్రాన్సులో దింపారు. దిగిన కొద్దిరోజులకే ఆమె జట్టులోని వాళ్లు ఒక్కొక్కరూ పట్టుబడ్డారు. తిరిగి వచ్చెయ్యమన్నారు, రాలేదు. వైర్‌లెస్ పెట్టె మోసుకుని ఇల్లు మార్చుకుంటూ, జర్మన్లకు దొరక్కుండా మూడు నెలలకు పైగా లండనుకు కబుర్లు పంపింది. అక్టోబరులో ఎవరో చెప్పివేస్తే పట్టుబడింది. రెండుసార్లు పారిపోవడానికి ప్రయత్నించింది. గొలుసులు వేసి వుంచారు. 1944 సెప్టెంబరు 13న డాఖౌ శిబిరంలో కాల్చి చంపారు. వయసు 30. బ్రిటిషువాళ్లు 1949లో జార్జి క్రాస్ ఇచ్చారు, ఫ్రాన్సువాళ్లు తమ పతకం ఇచ్చారు. లండనులో 2012లో ఆమె విగ్రహం నిలబెట్టారు. టిప్పును చంపిన రాజ్యమే అతని వంశపు బిడ్డకు విగ్రహం పెట్టింది. చరిత్ర ఇట్లాంటి లెక్కలు వేస్తూ వుంటుంది.

ఆడపిల్ల ఎంత చదివితే చాలు అని మన ఇళ్లల్లో మాట వచ్చినప్పుడు మాకు ఈ నూర్ గుర్తుకు వస్తుంది. గూఢచారి పని చెయ్యమని ఎవరి బిడ్డకూ చెప్పము. తొమ్మిదో తరగతి తర్వాత ఆ పేరు మీద రిజిస్టరులో గీత పడకుండా చూడండి, అంతే అడుగుతున్నాము.

ఆ యేడే ఫైజాబాదులో బేగం అఖ్తర్ పుట్టారు, అక్టోబరు 7న. గజల్ అంటే ఆమె గొంతు. పెళ్లయిన తర్వాత పాడటం మానేశారు. మానేశాక మనిషి జబ్బుపడ్డారు. మళ్లీ 1949లో లక్నో రేడియోలో పాడినాక గాని కోలుకోలేదు. ఇంకేమీ కలపము.

షేర్పా తేన్సింగు కూడా 1914 వాడే. 1953 మే 29న హిల్లరీతో కలిసి ఎవరెస్టు ఎక్కాడు. ఆయనకు పుట్టినతేదీ తెలియదు. హిమాలయాల్లో పశువులు కాసుకునే ఇల్లు, ఎవరు రాసిపెడతారు? కొండ ఎక్కిన మే 29నే తన పుట్టినరోజుగా పెట్టుకున్నాడు. ఏడు భాషలు మాట్లాడేవాడు, ఏ ఒక్కటీ రాయడం రాదు. ప్రపంచమంతా ఆయన సంతకం అడిగింది. మన పెద్దల్లో ఇట్లాంటివాళ్లు ఎందరు లేరు! పెన్నాకు వెల్లువ వచ్చిన యేడు పుట్టినవాడు, పెద్దోడి ఖత్నా నాటికి చంకలో వున్నవాడు. వాళ్లకు ఎవరెస్టు ఎక్కే అవకాశం రాలేదు గాని, పింఛను ఆఫీసు మెట్లు ఎక్కీ ఎక్కీ అలిసిపోయారు.

సామ్ మానెక్‌షా, ఏప్రిల్ 3. అమృత్‌సర్‌లో పార్సీ ఇంటి బిడ్డ. 1942లో బర్మాలో తూటాలు తిని బతికి, 1971 యుద్ధంలో సైన్యాధిపతిగా వుండి, ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. గూర్ఖా సిపాయిలకు ఆయన సామ్ బహదూర్. మన దేశానికి దూరంగా న్యూయార్కులో అక్టోబరు 28న జోనాస్ సాల్క్ పుట్టాడు. యూదుల ఇల్లు, తల్లికి బడి చదువు లేదు. పోలియోకు మొదటి టీకా ఆయనదే, 1955లో. దానికి పేటెంటు తీసుకోలేదు. ఆ యేడు పుట్టినవాళ్లకు నూరేళ్లు నిండే 2014లో, మార్చి 27న, మన దేశానికి పోలియో లేని దేశమని ధ్రువపత్రం వచ్చింది. చుక్కల మందు వేయడానికి వచ్చిన ఆశా కార్యకర్తను గడప దగ్గరే తిప్పి పంపిన ఇళ్లు మనలో వుండినాయి. ఇప్పుడు ఆ మాట ఎందుకులే.

పులివెందుల వాళ్లు "మాకు 1914లో ఎవరూ లేరా?" అని అడుగుతారు. బి.ఎన్. రెడ్డి గారు ఆ ప్రాంతం వారే, కాని 1908లో పుట్టారు, మన గీతకు అవతల. మీకోసం వేరే యేడు తీసుకోవాలి. 1949. ఆ యేడు జులై 8న వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు జమ్మలమడుగులో పుట్టి, పులివెందులలో పెరిగి, గుల్బర్గాలో వైద్యం చదివి, మళ్లీ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలోనే డాక్టరుగా పనిచేశారు. అదే జులై 1న నెల్లూరు జిల్లాలో ఎం. వెంకయ్యనాయుడు గారు. ఇద్దరూ 1978లోనే మొదటిసారి శాసనసభకు పోయారు, ఒకరు పులివెందుల నుంచి, ఒకరు ఉదయగిరి నుంచి. పార్టీలు ఎదురెదురు. ఒకరు ముఖ్యమంత్రి, ఒకరు ఉపరాష్ట్రపతి అయ్యారు. జులై 10న సునీల్ గవాస్కర్. జనవరిలో రాకేశ్ శర్మ, చదివింది హైదరాబాదులో, 1984లో అంతరిక్షానికి పోయి వచ్చాడు. రాజకీయం మాట్లాడటానికి ఇది చోటు కాదు. ఒక్క మాట మాత్రం మనకు సంబంధించింది: ముసల్మాన్లలో వెనకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద చదువులో, వుద్యోగాల్లో 4 శాతం ఇచ్చిన చట్టం 2007లో, రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వంలో వచ్చింది. ఆ 4 శాతం కావాలంటే ధ్రువపత్రం కావాలి. ధ్రువపత్రం కావాలంటే రికార్డుల్లో పేరు, పుట్టినతేదీ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి కాకుండా వుండాలి.

అడ్మిషన్ రిజిస్టరులో జూన్ 1, జులై 1 తేదీలు ఎక్కువగా ఎందుకు వుంటాయో పెద్దలకు తెలుసు. బిడ్డను తెచ్చినాయనకు తేదీ తెలియదు, రాసే అయ్యవారికి ఓపిక లేదు. ఇకమీదట అది నడవదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చాలన్నా, ఓటుకైనా, వుద్యోగానికైనా జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టం మార్చారు. పుట్టిన 21 రోజుల్లోపల చెప్పి రాయించుకుంటే పైసా ఖర్చు లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తరువు దాకా పోవాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు వాళ్లే రాస్తారులే అని వూరుకోకండి, పేరు అక్షరాలు చూసుకోండి. "షేక్" ఒకచోట ముందు, ఒకచోట వెనక పడితే ఇరవై యేళ్ల తర్వాత తిరగవలసింది ఆ బిడ్డే.

సంఘం కార్యదర్శి గారితో మాట్లాడాము. వచ్చే ఆదివారం జొహర్ నమాజు తర్వాత సంఘం గదిలో కూర్చుంటాము. జనన పత్రం లేనివాళ్లు, పేరు తప్పు పడినవాళ్లు పాత రేషను కార్డు, ఆసుపత్రి చీటీ, టీసీ, ఏది వుంటే అది పట్టుకుని రండి. దరఖాస్తులు తెలుగులో రాయాలి. మా బడి పదో తరగతి పిల్లలే రాస్తారు, ఆడపిల్లలు కూడా. రాసింది పైకి చదివి వినిపిస్తారు, ఇంట్లో పెద్దవాళ్లకు ఉర్దూలో చెబుతారు. కలాలు, కాగితాలు మేము తెస్తాము.

వస్సలాం.